పాఠం ఒకటే, ఆనవాళ్లు వేరు: భేద పరిశీలనలో విస్మరణకు నైతిక హద్దులు

ప్రవేశిక

బోధన్ ప్రాంతపు కలుపు పాటలను సేకరిస్తున్న కాలంలో నాకు ఒక సమస్య ఎదురైంది. ఒక పాటను ఎడపల్లి వైపు ఒక ఊళ్లోనూ, కోటగిరి వైపు మరో ఊళ్లోనూ ఇద్దరు వృద్ధురాళ్ల దగ్గర రికార్డు చేసుకున్నాను. రెండింటినీ రాతలోకి తెచ్చి కంప్యూటరులో రెండు ఫైళ్లుగా దాచాను. ప్రతి ఫైలు పైభాగంలో పాడినవారి పేరు, ఊరు, తేదీ, పాడిన సందర్భం నాలుగు వరుసల్లో ఉంటాయి. పాట ఆ తరువాత మొదలవుతుంది. సిద్ధాంత గ్రంథానికి అనుబంధం తయారుచేసేటప్పుడు, ఆ నాలుగు వరుసలను పక్కన పెట్టి తక్కిన భాగాన్ని మాత్రమే పోల్చాను. భేదం లేదని యంత్రం తేల్చింది. భేదం లేనప్పుడు రెండు ప్రతులెందుకనుకొని ఒకదాన్ని తొలగించాను. అనుబంధంలో పాట ఒకటే మిగిలింది. పాడినవారి పేరు కూడా ఒకటే మిగిలింది.

కొన్ని నెలల తరువాత, రాసుకున్న పాటలను పాడినవారికే చదివి వినిపించి సరిచూసుకుందామని కోటగిరి వైపు ఊరికి వెళ్లాను. చదవడం పూర్తయ్యాక ఆమె, "గిది నేను పాడిన పాటనే గద బిడ్డా, మరి నా పేరేది?" అని అడిగారు. రెండు ఊళ్లలోనూ పాట ఒకటేనని, అందుకే ఒక పేరే ఉంచానని చెప్పాను. "పాట ఒక్కటే గని, పాడినోళ్లం ఇద్దరం గద" అన్నారామె. ఆ మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది.

ఒక రచనకు ఉన్న రెండు రూపాలను పోల్చేటప్పుడు, లోపలి పాఠాన్ని మాత్రమే చూసి, దాన్ని ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు రూపొందించారన్న వివరాలను పక్కన పెట్టడం ఎప్పుడు న్యాయమవుతుంది? ఎప్పుడు అన్యాయమవుతుంది? ఈ ప్రశ్నను పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం. కంప్యూటరు రంగంలో ఇది నిత్యం ఎదురయ్యే సాంకేతిక విషయం. తెలుగు సాహిత్య పరిశోధకులకు పాఠపరిష్కరణ రూపంలో చాలాకాలంగా పరిచయమున్న విషయం కూడా ఇదే. పక్కన పెట్టి చూడడం వేరు, పారవేయడం వేరు అన్న విచక్షణ లోపించినప్పుడే విస్మరణ దోషంగా మారుతుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

1. యంత్రం పోల్చే తీరు

రెండు ప్రతులను వరుస వెంట వరుసగా పోల్చి, తేడా ఉన్న వరుసలను మాత్రమే చూపించే ‘డిఫ్’ అనే సాధనం 1970వ దశకం తొలి సంవత్సరాల్లో బెల్ ప్రయోగశాలలో, యూనిక్స్ వ్యవస్థ కోసం రూపొందింది. దాని పద్ధతిని జేమ్స్ హంట్, డగ్లస్ మెకిల్‌రాయ్ 1976లో వివరించారు. ఒక రచన కాలక్రమంలో పొందిన రూపాలన్నిటినీ భద్రపరచి, ఏ రూపాన్నైనా తిరిగి తెచ్చుకొనే వీలు కల్పించే ఏర్పాటును వెర్షన్ కంట్రోల్ అంటారు. లైనస్ టోర్వాల్డ్స్ 2005లో లినక్స్ కెర్నెల్ పని కోసం తయారుచేసిన ‘గిట్’ ఈ ఏర్పాట్లలో ఇప్పుడు ఎక్కువ వ్యాప్తిలో ఉంది.

గిట్ ఒక రచనకు సంబంధించిన సమాచారాన్ని మూడు అంతస్తులుగా విడదీస్తుంది. మొదటిది ‘బ్లాబ్’. ఇందులో ఫైలులోని పాఠం తప్ప మరేమీ ఉండదు. ఫైలు పేరు కూడా ఇందులో ఉండదు. వేర్వేరు పేర్లతో ఉన్న రెండు ఫైళ్లలో పాఠం అక్షరం పొల్లుపోకుండా ఒకటే అయితే, ఆ పాఠాన్ని ఒకే బ్లాబ్‌గా దాస్తుంది. రెండోది ‘ట్రీ’. ఫైలు పేరు, దానికున్న అనుమతి ఇందులో ఉంటాయి. మూడోది ‘కమిట్’. మార్పును రాసినవారెవరు, దాన్ని భాండాగారంలో చేర్చినవారెవరు, ఎప్పుడు చేర్చారు, ఎందుకు చేర్చారు, దీనికి ముందున్న రూపం ఏది అన్న వివరాలు ఇందులో దాఖలవుతాయి. రెండో మూడో అంతస్తుల్లో ఉండే ఇటువంటి వివరాలనే మెటాడేటా అంటారు. ఈ వ్యాసంలో ఆ అర్థంలో ‘ఆనవాలు’ అన్న మాటను వాడుతున్నాను.

పోలికలో ఆనవాళ్లను పక్కన పెట్టవలసిన అవసరం ఎక్కడ వస్తుంది? ఫైళ్లను పెన్‌డ్రైవ్ మీదుగా ఒక కంప్యూటరు నుంచి మరొక కంప్యూటరుకు చేర్చినప్పుడు, ఫైలును ప్రోగ్రాముగా నడపవచ్చునా లేదా అని తెలిపే అనుమతి గుర్తు కొన్నిసార్లు మారిపోతుంది. ఒక్క అక్షరం కూడా మారకపోయినా, వందల ఫైళ్లు మారినట్టు గిట్ చూపిస్తుంది. నిజంగా దిద్దిన రెండు మూడు పాఠాలు ఆ వందల మధ్య కనిపించకుండా పోతాయి. అప్పుడు అనుమతి మార్పులను లెక్కలోకి తీసుకోవద్దని చెప్పి, పాఠంలోని మార్పులను మాత్రమే చూడవలసి వస్తుంది. ఖాళీ జాగాల తేడాలను పట్టించుకోవద్దని చెప్పే వీలు కూడా ఉంది. ఇందులో మోసమేమీ లేదు. అనవసరమైనదాన్ని తప్పిస్తేనే అవసరమైనది కంటికి ఆనుతుంది.

అయితే ఒక విషయాన్ని గమనించాలి. పోలికలో మనం ఎన్ని వివరాలను పక్కన పెట్టినా, కమిట్‌లో దాఖలైన వివరాలు చెక్కుచెదరకుండా ఉంటాయి. కావలసినప్పుడు ఏ వరుసను ఎవరు ఎప్పుడు రాశారో తిరిగి అడగవచ్చు. నేను చేసిన పొరపాటు పోలికలో లేదు. పోలిక చెప్పిన జవాబును ఆధారం చేసుకొని రెండో ప్రతిని తొలగించడంలో ఉంది.

2. విస్మరణలోని న్యాయం

ఆనవాళ్లను పక్కన పెట్టడం స్వతహాగా దోషం కాదు. పైగా చాలాచోట్ల అది న్యాయానికి మొదటి మెట్టు. పరీక్షల్లో జవాబుపత్రం మీది హాల్‌టికెట్ సంఖ్యను మూసి, మరో సంకేత సంఖ్య ఇచ్చి దిద్దించడం మనకు తెలిసిందే. పరిశోధన పత్రికలకు వచ్చిన వ్యాసాన్ని రచయిత పేరు తీసివేసి సమీక్షకులకు పంపడం కూడా ఇటువంటిదే. మన సమాజంలో పేరు ఒక్క మనిషిని మాత్రమే సూచించదు. ఇంటిపేరు కులాన్ని సూచిస్తుంది, ఊరు ప్రాంతాన్ని సూచిస్తుంది, చదివిన చోటు అంతస్తును సూచిస్తుంది. ఇవన్నీ ముందుగా తెలిస్తే, పాఠాన్ని చదవకముందే దాని విలువ నిర్ణయమైపోయే ప్రమాదముంది. ఆ ప్రమాదం నుంచి రచననూ రచయితనూ కాపాడేది ఈ విస్మరణే.

భారతీయ తత్త్వచింతనలోనూ ఈ వైఖరికి ఒక బలమైన రూపముంది. వేదం అపౌరుషేయం కనుకనే ప్రమాణమని మీమాంసకులు వాదించారు. కర్త ఉన్న వాక్యానికి కర్తలోని దోషాలు అంటుకొనే అవకాశముంది కనుక, కర్త లేకపోవడమే వాక్యానికి రక్షణ అన్నది వారి వాదం సారాంశం. ఇరవయ్యో శతాబ్దంలో రోలాఁ బార్త్ 1967లో రచయిత మరణాన్ని ప్రకటించినప్పుడు ఉద్దేశం పూర్తిగా వేరు. పాఠకుడి స్వేచ్ఛ కోసం ఆయన రచయితను పక్కకు జరిపాడు. దారులు వేరైనా రెండింటిలోనూ పాఠాన్ని కర్త నుంచి విడదీసి చూడాలన్న పట్టుదల కనిపిస్తుంది.

దీనికి ఎదురుగా నైయాయికుల మతం ఉంది. వారి దృష్టిలో శబ్దం ప్రమాణం కావాలంటే అది ఆప్తుని ఉపదేశం కావాలి. విషయం తెలిసినవాడై, తెలిసినదాన్ని ఉన్నదున్నట్టుగా చెప్పాలన్న కోరిక ఉన్నవాడే ఆప్తుడు. అంటే మాట విలువ మాటలో మాత్రమే లేదు, చెప్పినవారి యోగ్యతలో కూడా ఉంది. గిట్ పరిభాషలో చెప్పాలంటే మీమాంసకులు బ్లాబ్‌ను నమ్మారు, నైయాయికులు కమిట్‌ను అడిగారు. ఈ రెండు వైఖరుల్లో ఒకదాన్ని ఎంచుకొని రెండోదాన్ని వదిలివేయడం సాహిత్య పరిశోధకునికి సాధ్యం కాదు. పాఠాన్ని తూచేటప్పుడు మొదటి వైఖరి కావాలి. పాఠానికి బాధ్యులెవరని అడిగేటప్పుడు రెండోది కావాలి.

3. పాఠానికీ ఆనవాలుకూ నడుమ గీత

ఆనవాళ్లను పక్కన పెట్టాలంటే ముందుగా ఏది పాఠమో ఏది ఆనవాలో తేలాలి. ఆ గీత ప్రకృతిసిద్ధంగా ఉండదు. మనమే గీస్తాం. ఖాళీ జాగాలను పట్టించుకోని పోలికను పింగళి సూరన రాఘవపాండవీయానికి వర్తింపజేసి చూద్దాం. ఆ ద్వ్యర్థి కావ్యంలో చాలాచోట్ల అక్షరాల వరుస మారదు. పదాలను విరిచే చోటు మారితే రామకథ భారతకథ అవుతుంది. రెండు విరుపులనూ రెండు ఫైళ్లలో రాసి, ఖాళీలను లెక్కించవద్దని చెప్పి పోలిస్తే, ఇక్కడ భేదమే లేదని యంత్రం చెబుతుంది. రెండు ఇతిహాసాల నడుమ తేడా శూన్యమవుతుంది. సభంగ శ్లేషకు ఖాళీ జాగాయే ప్రాణమని యంత్రానికి తెలియదు. అయితే తాటాకు ప్రతుల్లో పదాల మధ్య ఖాళీ లేనే లేదు. ఆ ప్రతులను చదివిన వారికి విరుపు పాఠకుడు చేయవలసిన పని. అచ్చులో అది పరిష్కర్త చేసిన పని. ఖాళీ పాఠమా ఆనవాలా అన్న ప్రశ్నకు కావ్యాన్ని బట్టి, కాలాన్ని బట్టి జవాబు మారుతుంది.

దీనికి విపర్యయం కూడా ఉంది. కంటికి ఒకే తీరుగా కనిపించే రెండు తెలుగు పాఠాలు యంత్రానికి వేరుగా తోచవచ్చు. యూనికోడ్‌లో ఐత్వాన్ని ఒకే సంకేతంగా రాయవచ్చు, లేదా ఎత్వ సంకేతానికి మరో గుర్తును చేర్చి రెండు సంకేతాలుగా రాయవచ్చు. ‘సాఫ్ట్‌వేర్’ వంటి మాటల్లో పొల్లును నిలిపి ఉంచడానికి కంటికి కనిపించని ఒక గుర్తును చేర్చుతాం. ఒక ప్రతిలో ఇవి ఒక విధంగా, మరో ప్రతిలో మరో విధంగా ఉంటే, పాఠకుడికి ఏ తేడా లేని చోట యంత్రం తేడా చూపుతుంది. యంత్రం దృష్టిలో పాఠమంటే సంకేతాల వరుస. మన దృష్టిలో పాఠమంటే పలికే మాట, తట్టే అర్థం.

నా సేకరణ విషయంలో ఇది మరింత ఇబ్బందికరమైన నిజాన్ని బయటపెట్టింది. రెండు పాటల మధ్య భేదం లేదని యంత్రం చెప్పింది నిజమే. కాని ఆ భేదరాహిత్యాన్ని అంతకుముందే నేను తయారుచేశాను. రాతలోకి తెచ్చేటప్పుడు ఆలాపనలను వదిలేశాను. సాగదీసిన దీర్ఘాలను మామూలు దీర్ఘాలుగా రాశాను. పల్లవిని ఎన్నిసార్లు తిరిగి అందుకున్నారో లెక్క పెట్టలేదు. ఇవన్నీ పాటలోకి రావని ఎక్కడా చెప్పకుండానే నిర్ణయించుకున్నాను. ఆ తరువాత రెండూ ఒకటేనని యంత్రంచేత చెప్పించుకున్నాను. యంత్రం ఇచ్చిన తీర్పుగా నేను భావించినది నిజానికి నా తీర్పే.

4. ఆశ్వాసాంత గద్యలో ఉన్నదేమిటి

తెలుగు కావ్య సంప్రదాయం ఆనవాళ్లను పాఠానికి బయట ఉంచలేదు. అవతారికలో కవి వంశం, కృతిభర్త వంశం, రచనకు కారణమైన సందర్భం వస్తాయి. ప్రతి ఆశ్వాసం చివర గద్యలో కవి తన పేరు, తండ్రి పేరు, కావ్యం పేరు, ఆశ్వాసం సంఖ్య చెప్పుకొంటాడు. కథ కోసం చదివేవారు సాధారణంగా గద్యను దాటవేస్తారు. దాటవేసినంత మాత్రాన కథకు లోటు రాదు. కాని కర్తృత్వం గురించిన ప్రశ్న వచ్చినప్పుడు పరిశోధకులు మొదట చూసేది ఆ గద్యనే. పోతన భాగవతంలో పంచమ స్కంధం గంగనది, షష్ఠం సింగనది, ఏకాదశ ద్వాదశాలు నారయవి అని మనం చెప్పగలుగుతున్నామంటే ఆ గద్యలు నిలిచి ఉండడమే కారణం. గద్యలను ఎవరైనా ‘విషయం కాదు’ అని తొలగించి ఉంటే, ఆ ముగ్గురూ ఈనాడు పోతన పేరులో కలిసిపోయి ఉండేవారు.

ఎర్రన విషయం మరింత ఆలోచింపజేస్తుంది. నన్నయ వదిలిన అరణ్యపర్వ శేషాన్ని పూరించి, ఆ భాగాన్ని నన్నయ రచనగానే, రాజరాజనరేంద్రునికి అంకితంగానే ఆయన నడిపాడు. గిట్‌లో రాసినవారి పేరుకు ఒక చోటు, చేర్చినవారి పేరుకు మరో చోటు ఉంటాయి. ఎర్రన తాను రాసి కూడా కర్త స్థానంలో నన్నయను నిలిపాడు. ఇక్కడ ఆనవాలు చరిత్రను యథాతథంగా చెప్పడం లేదు. అయినా దీన్ని మనం అబద్ధమనం, వినయమంటాం. కారణం స్పష్టమే. ఎర్రన వదులుకున్నది తన పేరును. మరొకరి పేరును కాదు. తన ఆనవాలును తాను వదులుకోవడం త్యాగమవుతుంది. ఇతరుల ఆనవాలును వారికి చెప్పకుండా తీసివేయడం అపహరణమవుతుంది. కోటగిరి వైపు ఊళ్లో నేను చేసినది ఈ రెండోదే.

తాటాకు ప్రతుల చివర లేఖకుడు రాసుకొనే నాలుగు మాటలను కూడా ఇక్కడ గుర్తుచేసుకోవాలి. సంవత్సరం, మాసం, తిథి, తన పేరు చెప్పి, చూసిన ప్రతిలో ఉన్నట్టే రాశానని, తప్పులుంటే పెద్దలు మన్నించాలని అతడు వేడుకొంటాడు. అచ్చు ప్రతుల్లో ఈ భాగం చాలాసార్లు కనిపించదు. కవి రాసినది కాదు కనుక పరిష్కర్త దాన్ని వదిలివేస్తాడు. కాని ఆ ప్రతి ఏ ప్రతికి నకలో తెలుసుకొనే దారి చాలాసార్లు అక్కడే ఉంటుంది.

దీనికి పాఠపరిష్కరణలో చాలా ప్రాధాన్యముంది. రెండు ప్రతుల్లో ఒకే పాఠం ఉంటే ఆ పాఠానికి రెండు సాక్ష్యాలు ఉన్నట్టా, ఒక్కటే ఉన్నట్టా? ఒకటి రెండోదానికి నకలైతే సాక్ష్యం ఒక్కటే. రెండూ వేర్వేరు మాతృకల నుంచి వచ్చి ఏకీభవిస్తే సాక్ష్యాలు రెండు. ఏది నిజమో పాఠాన్ని ఎంత పోల్చినా పూర్తిగా తేలదు. ఎందుకంటే రెండు సందర్భాల్లోనూ భేదం శూన్యమే. ప్రతి ఎక్కడ దొరికింది, ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు అన్న ఆనవాళ్లే దాన్ని తేల్చాలి. కనుక ఆనవాళ్లను కాపాడుకోవడం లేఖకుని మీద దయతో చేసే పని మాత్రమే కాదు. పాఠం గురించిన సత్యానికే అది అవసరం.

కోటగిరి వైపు ఊరి అవ్వ ఆ పాటను ఎక్కడ నేర్చుకున్నారని ఆ రోజు అడిగాను. తల్లి దగ్గర నేర్చుకున్నానని, చెరకు మడిలో నేర్చుకున్న పాటను ఇప్పుడు వరి మడిలో పాడుతున్నానని చెప్పారు. ఎడపల్లి వైపు అవ్వతో ఆమెకు పరిచయమే లేదు. అంటే ఆ పాట రెండు ఊళ్లలో రెండు దారుల్లో నిలిచింది. ఒకే పాటకు ఇద్దరు స్వతంత్ర సాక్షులున్నారు. భేదం లేదన్న కారణంతో నేను చెరిపివేసినది ఆ పాటకు వ్యాప్తి ఉందని చెప్పే ఏకైక ఆధారాన్ని.

5. చెరకు చీటీ, జైలు గోడ

ఆమె చెప్పిన చెరకు మడి వెనుక ఒక చరిత్ర ఉంది. మంజీర మీద నిజాంసాగర్ కట్టిన తరువాత, 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఏర్పడింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరుపొందిన ఆ ఫ్యాక్టరీలో 2015 చివరి నుంచి గానుగ ఆగిపోయింది. చుట్టుపక్కల మళ్లలో చెరకు తగ్గి వరి పెరిగింది. చెరకు నడిచిన కాలంలో ఈ ప్రాంతపు ప్రతి రైతుకూ పాఠానికీ ఆనవాలుకూ ఉన్న సంబంధం అనుభవంలో ఉండేది. కాటా దగ్గర బండి తూగేవరకు చెరకు ఫలానా రైతుది. గానుగలో పడిన తరువాత రసం అందరిదీ కలిసిపోతుంది. బస్తాలోని చక్కెరను చూసి ఇది ఎవరి మడిలో పండిందో ఎవరూ చెప్పలేరు. చక్కెరకు ఆ వివరం అక్కర్లేదు. కాని రైతు చేతిలోని చీటీ మీద పేరు, ఊరు, బరువు, తేదీ ఉంటాయి.

ఆ తేదీ అలంకారం కాదు. 1966 నాటి చెరకు నియంత్రణ ఉత్తర్వు ప్రకారం చెరకు అప్పగించిన 14 రోజుల్లోగా రైతుకు ధర చెల్లించాలి. ఆలస్యమైతే సంవత్సరానికి 15 శాతం వడ్డీ చేర్చాలి. అప్పగించిన రోజు ఏదో దాఖలు లేకపోతే పద్నాలుగు రోజులను ఎక్కడి నుంచి లెక్కపెట్టాలి? చక్కెర నాణ్యతను పరీక్షించేవారికి చీటీ అనవసరం. బాకీ తీర్చవలసినవారికి చీటీయే ప్రధానం. మరో విశేషం కూడా ఉంది. కోసిన చెరకు ఆలస్యమయ్యేకొద్దీ దానిలోని చక్కెర పాలు తగ్గుతుంది. కోసిన సమయం అన్న ‘బయటి వివరం’ లోపలి సారాన్నే మార్చివేస్తుంది. పాఠం, ఆనవాలు అన్న విభజన ఎంత పలుచనిదో ఈ ఉదాహరణ చెబుతుంది.

రైతు చీటీలో ఆనవాలు హక్కుకు ఆధారం. అయితే అదే ఆనవాలు ఇంకొక చోట శిక్షకు ఆధారం కావచ్చు. ఇందుకు నిజామాబాదు పట్టణమే సాక్ష్యమిస్తుంది. నిజాం పాలన చివరి రోజుల్లో దాశరథి కృష్ణమాచార్య ఇందూరు ఖిల్లాలోని జైలులో ఖైదీగా ఉన్నారు. వట్టికోట ఆళ్వారుస్వామి ఆయనకు తోటి ఖైదీ. పళ్లు తోముకోవడానికి ఇచ్చిన బొగ్గుతో దాశరథి జైలు గోడల మీద పద్యాలు రాసిన సంగతి తెలుగు సాహిత్యలోకానికి సుపరిచితం. ఆ గోడను ఆధారం చేసుకొని ఒక ఊహ చేద్దాం. గోడ మీది పద్యం మీద అధికారి సున్నం కొట్టించాడనుకుందాం. మరునాడు మరొక ఖైదీ అదే పద్యాన్ని అక్షరం మారకుండా అదే చోట తిరిగి రాశాడనుకుందాం. మొదటి రోజు గోడనూ మూడో రోజు గోడనూ పాఠం దృష్టితో పోలిస్తే తేడా శూన్యం. కాని ఆ రెండు రోజుల నడుమ ఒక దౌర్జన్యం జరిగింది, ఒక సాహసం జరిగింది. రెండు చివరలను మాత్రమే పోల్చే చూపుకు రెండూ కనిపించవు. చెరిపివేతనూ తిరిగి రాయడాన్నీ చూపేది నడుమ ఉన్న చరిత్ర మాత్రమే.

అదే గోడ ముందు జైలు అధికారి నిలబడి ‘ఇది రాసినవాడెవడు?’ అని అడిగినప్పుడు పరిస్థితి తలకిందులవుతుంది. అప్పుడు పేరు చెప్పకపోవడమే ధర్మం. ఆనవాలు అధికారి చేతికి చిక్కితే అభియోగ పత్రమవుతుంది. పరిశోధకులుగా మనం దీన్ని మరవకూడదు. దొర మీద, పట్వారీ మీద, మేస్త్రీ మీద కట్టిన పాటలను పాడినవారిలో కొందరు తమ పేరు రాయవద్దని కోరుతారు. పేరు దాచడం అక్కడ వారిపట్ల గౌరవం. కనుక ఆనవాళ్లన్నిటినీ ఎల్లప్పుడూ అందరికీ చూపాలన్న నియమం కూడా న్యాయం కాదు. దాచడం, చూపడం అన్నవి పాడినవారి ఇష్టాన్ని బట్టి జరగాలి.

ప్రమాదం తొలగిన తరువాత దాశరథి ఏం చేశారో కూడా గమనించాలి. 1949లో వెలువడిన అగ్నిధారను ఆయన ఆళ్వారుస్వామికి అంకితం చేశారు. అంకితాన్ని తొలగించి చదివినా ఆ సంపుటిలోని పద్యాల్లో ఒక్క అక్షరం మారదు. కాని ఆ పుట లేకపోతే, జైలు సహవాసం కవిత్వానికి ఏమి ఇచ్చిందో చెప్పే మాట పుస్తకం నుంచి తొలగిపోతుంది. ఎవరికి రుణపడ్డామో చెప్పే చోటు సాధారణంగా పాఠానికి వెలుపలే ఉంటుంది.

6. ఒక ఆక్షేపం

ఇక్కడ ఒక ఆక్షేపం రావచ్చు. జానపద గేయానికి కర్త సమూహం. పాడినవారు దాన్ని సృష్టించలేదు, అందుకొని పాడారు. కనుక పాడిన ప్రతి ఒక్కరి పేరునూ నమోదు చేయడం వ్యక్తికి లేని కర్తృత్వాన్ని అంటగట్టడమే కదా? ఈ ఆక్షేపంలో బలముంది. కాని ఇది కర్తృత్వాన్నీ సాక్షిత్వాన్నీ ఒకటిగా భావిస్తుంది. కోటగిరి వైపు అవ్వ ఆ పాట తానే కట్టానని అనలేదు. తాను పాడానని అన్నారు. భాగవతంలోని గద్య ‘నేను రాశాను’ అంటుంది. లేఖకుడి మాట ‘నేను నకలు చేశాను’ అంటుంది. అవ్వ మాట ‘నేను నిలిపాను’ అంటుంది. ఈ మూడూ మూడు వేర్వేరు బాధ్యతలు. మూడింటికీ వేర్వేరు చోట్లు కావాలి. కర్తృత్వం సమూహానిది అయినంత మాత్రాన, దాన్ని కాపాడిన శ్రమ కూడా ఎవరిదీ కాకుండా పోదు. సమూహమన్న మాట ఒక్కొక్కసారి పేర్లు రాయకపోవడానికి మనకు దొరికే సులభమైన సాకు కూడా కావచ్చు.

ముగింపు

పై పరిశీలన నుంచి భేద పరిశీలనకు మూడు నియమాలు ఏర్పడుతున్నాయి. ఒకటి, పోలిక కోసం పక్కన పెట్టిన ఆనవాలు ఎక్కడో ఒకచోట భద్రంగా ఉండాలి, అవసరమైనప్పుడు తిరిగి అందాలి. రెండు, ఏమి పక్కన పెట్టామో పోలిక ఫలితంతో పాటే చెప్పాలి. ‘రెండు పాటలకూ భేదం లేదు’ అనడం అసంపూర్ణ వాక్యం. ‘ఆలాపననూ ఆవృత్తినీ వదిలి చూస్తే భేదం లేదు’ అనడం సంపూర్ణ వాక్యం. మూడు, ఆనవాలును దాచాలా చూపాలా అన్న నిర్ణయం దాన్ని చూసే పరిశోధకునిది మాత్రమే కాదు, ఆ ఆనవాలు ఎవరిదో వారిది కూడా. ఈ మూడు నియమాలకు లోబడినంతవరకు ఆనవాళ్లను పక్కన పెట్టడం నిష్పక్షపాతానికి సాధనం. వీటిని దాటితే అది మరొకరి శ్రమను మాయం చేసే పని అవుతుంది.

తొలగించిన ఫైలు వెర్షన్ కంట్రోల్‌లో ఉండడంవల్ల దాన్ని తిరిగి తేగలిగాను. దానికి ఒక ఆదేశం, కొన్ని క్షణాలు చాలాయి. అనుబంధాన్ని తిరగరాయడానికి మాత్రం చాలాకాలం పట్టింది. ఇప్పుడు అందులో ఆ పాట ఒక్కసారే ఉంది. దాని కింద ఇద్దరి పేర్లు, రెండు ఊళ్లు, రెండు తేదీలు ఉన్నాయి. ఎవరు ఎవరి దగ్గర నేర్చుకున్నారో, రాతలో నేను వదిలివేసినవి ఏమిటో కూడా చేర్చాను. పేర్లు వేయడానికి ఇద్దరి అనుమతీ తీసుకున్నాను. మార్పు ఎందుకు చేశానో చెప్పవలసిన చోట, కమిట్ సందేశంలో, కోటగిరి వైపు అవ్వ అన్న మాటనే రాశాను: పాట ఒక్కటే గని, పాడినోళ్లం ఇద్దరం గద.